ఎత్తు మీద మౌంటెన్ సైకిల్: ఎక్కడ తొక్కాలి, ఎక్కడ దిగి తోయాలి

మౌంటెన్ సైకిల్ కొన్న తొలి నెలల్లో దాదాపు ప్రతి ఒక్కరికీ వచ్చే సందేహం ఒకటే: నిటారైన ఎత్తు ఎదురైనప్పుడు ఎంత కష్టమైనా తొక్కుతూనే ఉండాలా, దిగి తోసుకుంటూ వెళ్లాలా? "బలం ఉంటే తొక్కు, లేకపోతే దిగు" అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ జవాబును నమ్ముకున్నవారు హాయిగా తొక్కగలిగిన చోట పద్ధతి తెలియక దిగిపోతారు. దిగవలసిన చోట పంతానికి పోయి, మిగిలిన మూడు గంటలకు దాచుకోవలసిన కాళ్లను ఐదు నిమిషాల్లో ఖర్చు చేసుకుంటారు.

తోయడం కూడా తొక్కడంలాగే నేర్చుకోవలసిన పని. దాని గురించి వివరంగా చెప్పేవారు తక్కువ కనుక, ఈ మార్గదర్శిలో దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

1. ముందుగా ఒక చిన్న లెక్క

సైకిల్ నిలకడగా ముందుకు పోవాలంటే దానికి ఒక కనీస వేగం కావాలి. గంటకు నాలుగు కిలోమీటర్లకు దిగువన, ముఖ్యంగా రాళ్ల దారిలో, హ్యాండిల్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. నడకకు అటువంటి కనీస వేగం లేదు. ఎంత మెల్లగానైనా నడవవచ్చు, ఒక అడుగు వేసి ఆగవచ్చు. తొక్కాలా తోయాలా అనే నిర్ణయమంతా ఈ ఒక్క తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

మనిషి బరువు 70 కిలోలు, సైకిల్ 15, సామాను 5 అనుకుంటే మొత్తం 90 కిలోలు. చైన్ ఎక్కే పళ్ల పలకలకు ముందు 32 పళ్లు, వెనుక 51 పళ్లు ఉన్న 29 అంగుళాల చక్రాల సైకిల్ తేలిక గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే సుమారు 1.45 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకు 5.2 కిలోమీటర్లు. ఆ వేగంతో 10 శాతం వాలు (అడ్డంగా వంద మీటర్లకు పది మీటర్లు పైకి లేచేది) ఎక్కడానికి సుమారు 127 వాట్లు, 15 శాతం వాలుకు 190 వాట్లు, 20 శాతం వాలుకు 250 వాట్లు కావాలి. మట్టి, కంకర వెనక్కి లాగే బలం దీనికి అదనం.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే 21 గేర్ల సైకిల్ సంగతి వేరు. దానికి ముందు చిన్న చైన్‌వీల్‌కు సాధారణంగా 24 పళ్లు, వెనుక చక్రం మీదున్న ఫ్రీవీల్‌లో పెద్ద పలకకు 28 పళ్లు ఉంటాయి. 27.5 అంగుళాల చక్రంతో అదే 60 చుట్లకు వేగం గంటకు 6.7 కిలోమీటర్లవుతుంది. అంటే 15 శాతం వాలు ఎక్కడానికే 240 వాట్లు అవసరమవుతాయి. క్రమం తప్పకుండా సాధన చేసే ఔత్సాహికుడు గంటసేపు నిలకడగా ఇవ్వగలిగేది 150 నుంచి 200 వాట్ల వరకే కాబట్టి, స్నేహితుడు తొక్కుకుంటూ పోయిన ఎత్తులో మీరు దిగవలసి వస్తే అది మీ కాళ్ల లోపం కాకపోవచ్చు. వెనుక చక్రం మీదున్న పళ్ల లెక్క కావచ్చు.

ఇదే బరువుతో 20 శాతం వాలులో గంటకు రెండున్నర కిలోమీటర్ల నడకతో తోస్తే, ఎత్తు ఎక్కడానికి పట్టే శక్తి 120 వాట్లకు దిగుతుంది. తోసేటప్పుడు చేతులకు, నడుముకు అదనపు శ్రమ ఉంటుంది, నిజమే. అయినా గుండె, ఊపిరి మీద పడే భారం ఎంత ఉండాలో నిర్ణయించుకునే అధికారం మీ చేతిలోనే ఉంటుంది.

2. ఇంటి దగ్గరే చేసుకోవలసిన సన్నాహం

ఎత్తులో వచ్చే ఇబ్బందుల్లో సగం ఇంటి దగ్గరే తీరిపోయేవి. బయలుదేరే ముందురోజు సాయంత్రం అరగంట కేటాయించండి.

గేర్లు: వెనుక చక్రాన్ని పైకెత్తి, పెడల్ తిప్పుతూ అన్నిటికంటే తేలికైన గేరు వరకు మార్చి చూడండి. చైన్ పెద్ద పలక మీదికి తడబడకుండా ఎక్కాలి, దాన్ని దాటి స్పోకుల్లోకి జారకూడదు. సమతల రోడ్డు మీద మాత్రమే తిరిగే సైకిళ్లలో ఈ గేరు నెలల తరబడి వాడకుండా ఉండిపోతుంది. అది పనిచేయడం లేదన్న సంగతి ఎత్తు మధ్యలో తెలియడం చాలా ఖరీదైన పాఠం.

టైర్ల గాలి: పెట్రోలు బంకుల్లో 50, 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టించుకుని కొండదారి పట్టేవారిని తరచుగా చూస్తుంటాను. అంత గట్టి టైరు గులకరాయి మీద బంతిలా ఎగురుతుంది, పట్టు దొరకదు. 70 కిలోల మనిషికి, సుమారు 2.2 అంగుళాల వెడల్పున్న ట్యూబు టైరులో 28 నుంచి 35 పీఎస్‌ఐ, ట్యూబ్‌లెస్ అయితే 20 నుంచి 26 పీఎస్‌ఐ మట్టిదారికి సరిపోతాయి. టైరు పక్కన ముద్రించిన కనిష్ఠ, గరిష్ఠ హద్దులను దాటవద్దు. ట్యూబు టైరులో గాలి మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది.

సీటు ఎత్తు: సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద ఉంచినప్పుడు, పెడల్ అట్టడుగున ఉండగా కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలిలో కొద్దిపాటి వంపు మిగులుతుంది. నేల మీద రెండు కాళ్లూ ఆనాలని సీటు దించుకున్నవారికి ఎత్తులో మోకాళ్ల ముందుభాగం నొప్పి పుడుతుంది, తొడల బలం కొంత వృథా అవుతుంది.

చెప్పులు, బూట్లు: ఎక్కడో ఒకచోట దిగి తోయక తప్పదు కాబట్టి అడుగున గాట్లున్న, మడమ జారని బూట్లు వేసుకోండి. నున్నటి అడుగున్న సైక్లింగ్ బూట్లు బండరాయి మీద నిలవవు.

సామాను: బరువంతా వెనుక కారియర్ మీద ఉంటే తొక్కేటప్పుడు ముందు చక్రం లేస్తుంది, తోసేటప్పుడు సైకిల్ వెనక్కి లాగుతుంది. నీళ్లు, పనిముట్లు వంటి బరువైనవాటిని వీలైనంత కిందుగా, ఫ్రేము మధ్యలో కట్టండి.

బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి:

- తేలిక గేరు పడుతోంది, చైన్‌కు నూనె ఉంది.
- రెండు బ్రేకులూ పట్టుకుంటున్నాయి. ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో గుర్తుంది.
- గాలి కొలిచి చూశాను. వేలితో నొక్కి ఊహించలేదు.
- పంపు, అదనపు ట్యూబు, టైరు విప్పే లివర్లు ఉన్నాయి.
- గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు లెక్కన నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉన్నాయి.
- అటవీ భూమిలోంచి వెళ్లే దారి అయితే అనుమతి సంగతి ముందే కనుక్కున్నాను.

3. వాలును కొలవడం, నేలను చూడటం

కంటికి కనిపించే వాలును నమ్మకూడదు. కింద నిలబడి చూస్తే ప్రతి ఎత్తూ గోడలాగే ఉంటుంది. కొలిచే పద్ధతి సులభం: ఒక మీటరు పొడవున్న కర్రను తీసుకుని దాని పై కొసను నేలకు ఆనించండి, దిగువ కొసను పైకి లేపి కర్రను అడ్డంగా సమంగా పట్టుకోండి. కర్ర మీద సగం నీళ్లున్న సీసాను పడుకోబెడితే మట్టం తెలుస్తుంది. దిగువ కొసకూ నేలకూ మధ్య దూరం 10 సెంటీమీటర్లయితే వాలు 10 శాతం, 20 అయితే 20 శాతం. మీ ఊరి దగ్గరున్న నాలుగు ఎత్తులను ఇలా కొలిచి పెట్టుకుంటే, కొత్తచోట కంటి అంచనా చాలావరకు నిజానికి దగ్గరగా వస్తుంది.

నేల సంగతి వాలు కంటే ముఖ్యం. హైదరాబాద్ నుంచి చాలామంది వెళ్లే వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల్లో ఎర్రమొరం దారులుంటాయి. గట్టిపడిన నేల మీద చిన్న చిన్న గుండ్రటి రాళ్లు వదులుగా పరుచుకుని ఉండటం వల్ల 10 శాతం వాలులోనే వెనుక చక్రం గింజల మీద తిరిగినట్టు తిరుగుతుంది. అదే వాలు తారురోడ్డు మీద అయితే కూర్చుని మాట్లాడుకుంటూ ఎక్కేయవచ్చు. వాన వెలిసిన మర్నాడు మొరం కాస్త కరుచుకుని పట్టు ఇస్తుంది. నల్లరేగడి దీనికి పూర్తిగా వ్యతిరేకం: తడిసిందంటే టైరుకు, ఫ్రేముకు మధ్య ముద్దలా నిండిపోయి చక్రాన్ని ఆపేస్తుంది. అప్పుడు తొక్కడమూ కుదరదు, తోయడమూ కుదరదు. పుల్లతో గోకి, దారి పక్కనున్న గడ్డి మీదుగా నడిపించుకుపోవడమే మార్గం.

4. తొక్కుతూ ఎక్కే క్రమం

4.1. ఎత్తు మొదలుకాక ముందే గేరు మార్చండి. చైన్ మీద బరువు పడిన తర్వాత మారిస్తే అది కటకటమని ఎగురుతుంది, ఒక్కోసారి తెగుతుంది. మధ్యలో మార్చక తప్పకపోతే ముందు ఒక చుట్టు గట్టిగా తొక్కి వేగం కూడదీసుకుని, తర్వాతి అర చుట్టు కాలి ఒత్తిడి తగ్గించి, ఆ క్షణంలో మార్చండి.

4.2. మొదటి వంద మీటర్లు మీకు తేలికగా అనిపించేదానికంటే కూడా మెల్లగా వెళ్లండి. వేగంగా మొదలుపెట్టినవారే పైభాగంలో దిగుతారు.

4.3. సీటు ముందు భాగానికి జరిగి కూర్చోండి. మోచేతులను వంచి కిందికి దించండి, ఛాతీని హ్యాండిల్ వైపు వంచండి. హ్యాండిల్‌ను పైకి లాగకుండా వెనక్కి, కిందికి లాగుతున్నట్టు పట్టుకోండి. ముందు చక్రం నేలను వదలకుండా ఉంచేది ఇదే.

4.4. చూపు ముందు చక్రం మీద కాకుండా ఐదారు మీటర్ల ముందుకు ఉండాలి. చూపు ఎక్కడుంటే సైకిల్ అక్కడికే పోతుంది. రాయిని తప్పించాలంటే రాయిని కాక, పక్కనున్న ఖాళీని చూడాలి.

4.5. నిమిషానికి 60 నుంచి 80 చుట్ల మధ్య సమంగా తొక్కండి. కాలును కిందికి గుద్దినట్టు తొక్కితే ప్రతి గుద్దుకూ వెనుక చక్రం జారుతుంది. పాదం అడుగుకు వచ్చినప్పుడు, బూటుకు అంటిన మట్టిని గడపకు గీసినట్టు వెనక్కి లాగండి. బలం చుట్టంతా పంచుకుంటుంది.

4.6. వదులు నేల మీద కూర్చునే తొక్కండి. లేచి నిలబడితే వెనుక చక్రం మీద బరువు తగ్గి జారుతుంది. తారు మీద, గట్టి బండ మీద మాత్రం నడుముకు విశ్రాంతి కోసం ఇరవై ముప్పై చుట్లు నిలబడి తొక్కవచ్చు.

4.7. వెనక్కి తిరిగే మలుపుల్లో బయటి అంచు పట్టుకోండి. లోపలి అంచు పొట్టిది కనుక అంతే ఎత్తును తక్కువ దూరంలో ఎక్కవలసి వస్తుంది. మలుపులో అన్నిటికంటే నిటారుగా ఉండేది అదే.

4.8. వాలు కాస్త తగ్గిన చోటల్లా, అది నాలుగు మీటర్లే అయినా సరే, వేగం పెంచకుండా ఊపిరి తీసుకోండి. పెద్ద ఎత్తులను పూర్తి చేయించేవి ఈ చిన్న విశ్రాంతులే.

ముందు సస్పెన్షన్‌కు (కుదుపులను తగ్గించే స్ప్రింగు భాగానికి) అది కదలకుండా బిగించే లాక్ ఉంటే తారు మీద వేయండి, రాళ్ల దారిలో తీసేయండి. రాళ్ల మీద సస్పెన్షన్ కదిలితేనే టైరు నేలను వదలకుండా ఉంటుంది.

5. తొక్కేటప్పుడు జరిగే తప్పులు, వాటి సవరణలు

ముందు చక్రం లేస్తోంది: బరువు వెనుక ఉంది. సీటు కొసకు జరిగి, గడ్డం హ్యాండిల్ మీదికి వచ్చేంతగా వంగండి. సామాను వెనుక ఉంటే కొంత ముందుకు మార్చండి.

వెనుక చక్రం ఖాళీగా తిరుగుతోంది: బరువు మరీ ముందుకు పోయి ఉంటుంది, లేదా గేరు అవసరానికి మించి తేలికైపోయి ఉంటుంది. ఒక వేలెడు వెనక్కి జరగండి. ఒక గేరు బరువు పెంచి మెల్లగా తొక్కండి. నేలకు చేరే బలం తగ్గి పట్టు దొరుకుతుంది.

సైకిల్ పాములా మెలికలు తిరుగుతోంది: వేగం మరీ తగ్గిపోయింది, లేదా చూపు చక్రం మీద ఉంది. ముందు చూపు సరిచేసుకోండి. అప్పటికీ ఆగకపోతే అది దిగవలసిన సమయం.

నడుము నొప్పి: భుజాలు బిగుసుకుపోయి హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకున్నారన్నమాట. వేళ్లు ఒక్కసారి వదులు చేసి పట్టుకోండి. సీటు ఎత్తు కూడా మరోసారి చూసుకోండి.

6. ఎప్పుడు దిగాలి

కాలు నిలిచిపోయాక దిగడం నిర్ణయం కాదు, అది ప్రమాదం. సైకిల్ ఆగిపోవడానికి కనీసం నాలుగైదు చుట్ల ముందే నిర్ణయం జరిగిపోవాలి. అందుకోసం ఈ ప్రశ్నలను ఈ వరుసలోనే వేసుకోండి.

మొదటిది, పడితే ఎటు పడతాను? పక్కన లోయ, ముళ్లపొద, వాహనాలు వచ్చే రోడ్డు ఉంటే, తొక్కగలనన్న నమ్మకం పూర్తిగా లేనప్పుడు వెంటనే దిగండి. మిగిలిన ప్రశ్నలు అక్కర్లేదు.

రెండోది, ఇంకా ఎంతసేపు? నిటారు భాగం అరనిమిషంలో అయిపోయి పైన సమతలం కనిపిస్తూ ఉంటే, బలమంతా పెట్టి తొక్కేయడం మంచిదే. దిగి మళ్లీ ఎక్కడానికి పట్టే శ్రమ దానికంటే ఎక్కువ. చివర కనిపించకపోతే తర్వాతి ప్రశ్నకు వెళ్లండి.

మూడోది, మాట వస్తోందా? ఐదారు మాటల వాక్యాన్ని ఒక్క ఊపిరిలో బయటికి చెప్పి చూడండి. మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చవలసి వస్తే, ఆ స్థాయి శ్రమను కొద్ది నిమిషాలకు మించి మోయలేరు.

నాలుగోది, అన్నిటికంటే తేలిక గేరులో నిమిషానికి 50 చుట్లు తిరుగుతున్నాయా? పది సెకన్లలో కుడి మోకాలు పైకి వచ్చిన సార్లు లెక్కపెట్టండి. ఎనిమిది కంటే తక్కువైతే మోకాలి కీలు మీద భారం పెరుగుతోందని అర్థం. మోకాళ్ల నొప్పులు ఇంతకుముందే ఉన్నవారు ఈ ఒక్క గుర్తు చాలనుకుని దిగిపోవాలి.

ఐదోది, వెనుక చక్రం వరుసగా రెండుసార్లు జారిందా? మూడోసారి జారినప్పుడు పాదం పెట్టడానికి వ్యవధి ఉండదు.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. రోజంతా సాగే ప్రయాణంలో, 15 శాతం దాటిన వదులు మొరం ఎత్తు రెండు నిమిషాలకు మించి ఉంటే, 21 గేర్ల సైకిల్ ఉన్నవారు దాన్ని తొక్కడానికి ప్రయత్నించకుండానే తోయాలని ముందుగా అనుకోవడం మేలు. సాధన కోసం వెళ్లిన రోజున మాత్రం అదే ఎత్తును పదిసార్లు తొక్కి చూడండి, అది వేరే పని.

7. దిగే విధానం

బూటును పట్టి ఉంచే క్లిప్ పెడళ్లు వాడేవారు దిగాలని అనుకున్న క్షణంలోనే ఒక పాదం విడిపించుకోవాలి. సైకిల్ ఆగాక విడిపించుకునే ప్రయత్నం చేసినవారు నిలువునా పక్కకు ఒరుగుతారు.

కొండ పక్కకు, అంటే నేల ఎత్తుగా ఉన్న వైపుకు దిగండి. అటువైపు పాదం త్వరగా అందుతుంది. లోయ వైపు కాలు చాపితే నేల అందదు. కాలు పెట్టేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి పట్టండి. ఎత్తు మీద బరువంతా వెనుక చక్రం మీద ఉంటుంది కాబట్టి ముందు బ్రేకు ఒక్కటే పడితే ముందు చక్రం లాక్ అయినా సైకిల్ వెనక్కి జారుతుంది. నిలబెట్టేది వెనుక బ్రేకే.

8. తోసే విధానం

చాలామంది రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని, నడుము వంచి, తల దించుకుని, ఎద్దు బండిని లాగినట్టు తోస్తారు. పది నిమిషాలకే నడుము పట్టేస్తుంది, "దీనికంటే తొక్కడమే నయం" అనిపిస్తుంది. తప్పు తోయడంలో లేదు, భంగిమలో ఉంది.

8.1. ఏ వైపు నిలబడాలి: సాధారణంగా సైకిల్‌కు ఎడమవైపు నిలబడండి, చైన్, పళ్లు కుడివైపు ఉంటాయి కాబట్టి కాలికి తగలవు. అయితే పక్కవాలున్న సన్నదారిలో ఈ సూత్రాన్ని పక్కన పెట్టి, కొండ వైపు మీరు, లోయ వైపు సైకిల్ ఉండేలా నడవండి. సైకిల్ జారితే వదిలేయవచ్చు. అది మీ మీద పడదు.

8.2. చేతులు ఎక్కడ: మామూలు వాలులో ఒక చెయ్యి హ్యాండిల్ దగ్గరి పిడి మీద, రెండో చెయ్యి సీటు వెనుక అంచు మీద పెట్టండి. దిశ చూసుకునేది మొదటి చెయ్యి, తోసేది రెండోది. ఈ ఒక్క మార్పుతో నడుము నిటారుగా నిలుస్తుంది. సీటును దించవద్దు, ఎత్తుగా ఉంటేనే తోయడానికి అనువు.

8.3. బరువుతో తోయాలి, కండతో కాదు: చేతులను దాదాపు చాపి ఉంచి, చీలమండ దగ్గర నుంచి శరీరమంతా ముందుకు వాల్చండి. గోడను ఆనుకున్నట్టు శరీర బరువే సైకిల్‌ను తోస్తుంది. మోచేతులు వంచి భుజాలతో తోస్తే భుజాలు త్వరగా అలిసిపోతాయి.

8.4. అడుగులు: చిన్న అడుగులు వేయండి. మునివేళ్ల మీద నడిస్తే పిక్కలు పట్టేస్తాయి కనుక, వీలైన చోటల్లా మడమతో సహా పూర్తి పాదం ఆనించండి. రాయి అంచు మీదో, గడ్డి దుబ్బు మీదో మడమ ఆనితే ఆ అడుగులో పిక్కకు విశ్రాంతి దొరికినట్టే. వెడల్పు దారి అయితే అడ్డంగా అటూ ఇటూ మెలికలుగా వెళ్లండి, వాలు తగ్గుతుంది.

8.5. నిలబడలేనంత నిటారుగా ఉంటే: రెండు చేతులూ హ్యాండిల్ మీదికి తెచ్చి, సైకిల్‌ను చేతులు చాచినంత దూరం ముందుకు తోయండి. రెండు బ్రేకులూ గట్టిగా పట్టండి. ఆగిన సైకిల్‌ను ఊతకర్రలా వాడుకుంటూ రెండు అడుగులు పైకి వేయండి. బ్రేకు వదిలి మళ్లీ తోయండి. తోయడం, పట్టడం, అడుగు. ఈ వరుస అలవాటైతే 30 శాతం వాలు కూడా ఊపిరి సలపకుండా చేయదు. మన దేశంలో చాలా సైకిళ్లకు ఎడమచేతి బ్రేకు వెనుక చక్రానిది, కానీ విదేశీ తయారీ సైకిళ్లలో కొన్నిటికి తారుమారుగా ఉంటుంది. ఒంటి చేత్తో బ్రేకు పట్టవలసి వస్తే ఇది తెలిసి ఉండాలి.

8.6. మోయవలసి వస్తే: రాతిమెట్లు, పడిపోయిన చెట్టు, మోకాలెత్తు బండలు వచ్చినప్పుడు తోయడం వృథా శ్రమ. నీళ్ల సీసా తీసి సంచిలో వేసుకోండి. ఫ్రేము త్రికోణంలో భుజం దూర్చి, పై గొట్టం భుజం మీద ఆనేలా లేపండి. ముందు చక్రం తిరిగి ముఖానికి తగలకుండా ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకోండి. భుజానికి, గొట్టానికి మధ్య తువ్వాలు మడిచి పెట్టుకుంటే ఒరుసుకోదు.

తోసేటప్పుడు సాధారణంగా ఎదురయ్యే చికాకులు రెండు. మీ వైపున్న పెడల్ పిక్కకు కొట్టుకుంటూ ఉంటే, ఆగి దాన్ని వెనక్కి తిప్పి కాలికి తగలని చోట ఉంచండి. ముందుకు తోస్తున్నంతసేపు అది అక్కడే ఉంటుంది. ఒకే వైపు నుంచి తోయడం వల్ల నడుము ఒక పక్క నొప్పి పుడితే, ఐదు నిమిషాలకోసారి వైపు మారండి, చైన్ మరక బట్టలకు అంటినా ఫరవాలేదు.

9. మళ్లీ ఎక్కే విధానం

తోస్తున్నంతసేపు ముందున్న దారిని గమనిస్తూ, ఎక్కడానికి అనువైన చోటు వెతకండి. రెండు మూడు మీటర్ల పొడవున వాలు తగ్గిన చోటు, పాదం ఆనించడానికి రాయి ఉన్న చోటు శ్రేష్ఠం. నిటారు మధ్యలో ఎక్కబోయి మూడుసార్లు జారడం కంటే, ఇరవై అడుగులు ఎక్కువ నడిచి ఒక్కసారిగా ఎక్కడం తక్కువ శ్రమ.

- ఆగి ఉండగా గేరు మార్చాలంటే సీటు పట్టుకుని వెనుక చక్రం ఎత్తి, పెడల్‌ను చేత్తో తిప్పండి.
- అన్నిటికంటే తేలిక గేరు కాక, దానికంటే ఒకటి రెండు బరువైన గేరు పెట్టండి. మరీ తేలికైతే తొలి తొక్కుకు చక్రం జారుతుంది, సైకిల్ నిలదొక్కుకునేంత దూరం కదలదు.
- తొక్కబోయే పెడల్‌ను ముందుకు, కొద్దిగా పైకి, గడియారంలో రెండు అంకె దగ్గర ఉంచండి.
- బ్రేకులు పట్టుకుని సీటు మీద కూర్చోండి, తర్వాతే బరువు పెడల్ మీద వేస్తూ బ్రేకు వదలండి.
- దారి వెడల్పుగా ఉంటే నేరుగా పైకి కాక, కొంచెం అడ్డంగా మొదలుపెట్టండి.
- మొదటి మూడు చుట్లు తిరిగే వరకు రెండో పాదాన్ని పెడల్ మీద సర్దుకునే ప్రయత్నం చేయవద్దు. ఎలా పడితే అలా తొక్కేయండి, తర్వాత సర్దుకోవచ్చు.

10. ఘాట్ రోడ్డు, ఎండ, హిమాలయం

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే ఘాట్ వంటి తారురోడ్లు పొడవైనవే గాని నిటారైనవి కావు. బస్సులు, లారీలు ఎక్కవలసిన రోడ్లు కనుక వాటిని సాధారణంగా 5 నుంచి 8 శాతం వాలుకు లోబడేలా వేస్తారు. పైన వేసిన లెక్క ప్రకారం 6 శాతం వాలు ఎక్కడానికి 21 గేర్ల సైకిల్‌కు కూడా వంద వాట్లు చాలు. కాబట్టి అటువంటి రోడ్డు మీద దిగి తోయవలసి వచ్చిందంటే కారణం వాలు కాదు. మొదట వేగంగా వెళ్లడమో, ఎండో, ఆకలో, పాడైన గేరో అయి ఉంటుంది. తోయడానికి బదులు నీడలో పది నిమిషాలు కూర్చుని, ఏదైనా తిని, కారణం చూసుకుని మళ్లీ తొక్కండి.

ఘాట్ మీద తోయక తప్పకపోతే తారు దిగి మట్టి అంచున నడవండి. వెనుక ఎర్రలైటు పగలు కూడా వెలిగించండి. గుడ్డిమలుపులో అంచు లేకపోతే, మలుపుకు ముందే ఆగి, వాహనాల చప్పుడు లేని సమయం చూసి దాటండి. మలుపు మధ్యలో విశ్రాంతికి ఆగవద్దు.

వేసవిలో ఉదయం తొమ్మిదికల్లా ఎత్తు పూర్తయ్యేలా బయలుదేరండి. మెల్లగా ఎక్కేటప్పుడు ఒంటికి గాలి తగలదు, అందుకే సమతలం మీద తెలియని ఎండ దెబ్బ ఎత్తులో తెలుస్తుంది. తల తిరగడం, వికారం, ఒళ్లు చల్లబడి వణకడం, చెమట ఆగిపోవడం, ఛాతీలో నొప్పి, వీటిలో ఏది కనిపించినా తొక్కడమూ తోయడమూ రెండూ ఆపి, నీడకు చేరి సహాయం పిలవండి. ఛాతీ నొప్పి విషయంలో "కాసేపు చూద్దాం" అనుకోవద్దు.

మన వాళ్లు చాలామంది ఏటా లడఖ్ దారిలో సైకిల్ మీద వెళుతున్నారు. దాదాపు 5,500 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే ఉంటుంది. ఇంటి దగ్గర 10 శాతం వాలు తొక్కగలిగినవారు అక్కడ 5 శాతానికే రొప్పుతారు. పై ప్రశ్నల్లో మాట వస్తోందా అన్నదాన్ని అక్కడ మొదటి ప్రశ్నగా పెట్టుకోండి, మాట తడబడగానే దిగండి. కనుమ దాటాక తలనొప్పి, తడబాటు, వాంతులు ఉంటే ఆలస్యం చేయకుండా కిందికి దిగాలి.

11. నాలుగు వారాల సాధన

ఇంటికి దగ్గరలో 200 నుంచి 300 మీటర్ల పొడవున్న ఎత్తును ఎంచుకోండి. కొంత తొక్కదగినది, కొంత నిటారైనది అయితే మంచిది. వారానికి రెండుసార్లు, ఒకే వేళకు వెళ్లండి.

మొదటి వారం కూర్చుని సమంగా తొక్కడం, ఎత్తుకు ముందే గేరు మార్చడం మాత్రమే చేయండి. ఆగిపోయిన చోట ఒక రాయి పెట్టి గుర్తుంచుకోండి. రెండో వారం ఆ రాయికి ఐదు మీటర్ల ముందే కావాలని దిగండి, పైదాకా సీటు వెనుక చెయ్యి పెట్టి తోయండి. మూడో వారం ఎత్తు మధ్యలో ఐదు వేర్వేరు చోట్ల దిగి మళ్లీ ఎక్కండి. ఇది విసుగు పుట్టించే సాధన, కానీ కొండదారిలో అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చేది ఇదే.

నాలుగో వారం రెండు పరీక్షలు చేయండి. ఒకరోజు మొత్తం ఎత్తును ఎంత కష్టమైనా తొక్కండి. మరోరోజు నిటారు భాగాన్ని తోసి, మిగిలినది తొక్కండి. రెండు రోజులూ పైకి చేరిన సమయం, చేరగానే నిమిషానికి నాడి, ఐదు నిమిషాల తర్వాత నాడి ఒక పుస్తకంలో రాసుకోండి. పైకి చేరిన సమయాల్లో తేడా ఒకటి రెండు నిమిషాలకు మించకుండా, ఐదు నిమిషాల తర్వాతి నాడి రెండో రోజు బాగా తక్కువగా ఉంటే, ఆ నిటారు భాగం మీకు, మీ గేర్లకు తోయవలసిన ఎత్తు. దాని వాలును కర్రతో కొలిచి ఆ అంకెను అదే పేజీలో రాసిపెట్టుకోండి. ఆరు వారాల తర్వాత అదే ఎత్తు మీద మళ్లీ పరీక్షించి, అంకెను సవరించుకోండి.